వనమర్యాద

పోతన భాగవతం దశమస్కంధంలోని చల్దుల ఘట్టం తెలుగువారికి సుపరిచితం. బాలకృష్ణుడు తోటి గోపబాలురను వెంటబెట్టుకొని యమునాతీరాన ఇసుకతిన్నెపై కూర్చుండి, ఇంటినుండి తెచ్చుకొన్న చద్దిమూటలు విప్పి ఆరగించిన సన్నివేశమది. ఆ ఘట్టం చదివినవారు చద్దిముద్దలను, ఊరగాయలను, పిల్లల కేరింతలను తలచుకొని మురిసిపోతారు. కాని ఎవరి దృష్టికీ అంతగా రాని అంశం అందులో మరొకటి ఉంది. ఆ పిల్లలవద్ద కంచాలు లేవు. ఆకులు, పువ్వులు, చిగుళ్లు, చెట్టుబెరళ్లు, రాళ్లు, ఏది చేతికందితే అదే వారికి కంచమయింది. అటువంటి భోజనం ముగించి లేచిపోయిన తరువాత ఆ తీరంలో ఏమి మిగిలి ఉంటుంది? ఆకు వాడి మట్టిలో కలుస్తుంది. మెతుకు చీమకు ఆహారమవుతుంది. రాయి మళ్లీ రాయిగానే ఉంటుంది. కొన్నాళ్లకు అక్కడికి వచ్చినవారికి ఆ చోట ఒక విందు జరిగిందన్న జాడ అయినా కనిపించదు.

తెలుగునాట కార్తికమాసపు వనభోజనాలు ఈ సంప్రదాయానికి చెందినవే. ఊరివారు కలిసి తోటకో, అడవి అంచుకో, ఏటి ఒడ్డుకో తరలివెళ్లి, ఉసిరిచెట్టు నీడలో వంట చేసుకొని, పంక్తిభోజనం చేయడం తరతరాల ఆచారం. మూడు రాళ్లు పేర్చితే పొయ్యి. రాలిన పుల్లలే వంటచెరకు. ఒకచోట మోదుగాకు, ఒకచోట అడ్డాకు, మరొకచోట అరటియాకు విస్తరి అయ్యేది. చెంబులు, గిన్నెలు, గరిటెలు ఇంటినుండి వచ్చినవి ఇంటికే తిరిగివెళ్లేవి. ఎంగిలి విస్తళ్లను ఒక మూల పడవేస్తే పశువులు తినేవి. మిగిలినవి వానకు తడిసి ఎరువయ్యేవి. చెత్తను వెంట తీసుకొనిపోవాలని ఆనాడు ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇక్కడ ఒక సత్యాన్ని అంగీకరించాలి. పూర్వులందరూ గొప్ప ప్రకృతి ప్రేమికులు కావడంవల్లనే అడవులు శుభ్రంగా ఉన్నాయనడం అతిశయోక్తి. నాడు విస్తరిని విసిరివేసిన చేయి, నేడు ప్లాస్టిక్ పళ్లేన్ని విసిరివేస్తున్న చేయి ఒక్కటే. అలవాటు మారలేదు. చేతిలోని వస్తువు మారింది. ఆనాడు మర్యాదను వస్తువే పాటించింది కనుక మనిషి పాటించకపోయినా సరిపోయింది. ఈనాటి వస్తువుకు ఆ గుణం లేదు. అందువల్ల వస్తువు వదిలివేసిన బాధ్యతను మనిషి తలకెత్తుకోక తప్పదు. అడవికి విహారానికో, విడిదికో వెళ్లేవారు పాటించవలసిన వనమర్యాదకు మూలం ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఇది కేవలం సిద్ధాంతచర్చ కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరుకు చేరువన వంజంగి కొండ ఉంది. శీతకాలంలో తెల్లవారుజామున ఆ కొండపైనుండి చూస్తే లోయలన్నీ మేఘాలతో నిండిపోయి, పాలసముద్రంలో ద్వీపాలవలె కొండకొనలు తేలుతూ కనిపిస్తాయి. కొన్నేళ్ల కిందటి వరకు పరిసర గ్రామాల గిరిజనులు తప్ప పెద్దగా ఎవరూ ఎరుగని ఈ దృశ్యం సెల్‌ఫోన్ ఛాయాచిత్రాల ద్వారా దూరప్రాంతాలకు పాకిపోయింది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి కథ కూడా ఇటువంటిదే. మంచును చూడాలని, చలిమంట వేసుకోవాలని, గుడారంలో ఒక రాత్రి గడపాలని యువతీయువకులు ఎంతో దూరంనుండి ప్రయాణం చేసి వస్తున్నారు. ఆ కోరిక మెచ్చదగినదే. ఏడాది పొడుగునా తరగతిగది నాలుగు గోడల నడుమ గడిపే వయసు ఒక్క ఉదయమైనా కొండ ఎక్కి సూర్యోదయం ఎదుట నిలవడం ఎంతో మంచిది. కాని పొద్దెక్కి, మేఘాలు విడిపోయి, వాహనాలు తిరుగుముఖం పట్టిన తరువాత ఆ వాలులో కనిపించేది వేరొక దృశ్యం. నీళ్లసీసాలు, చిరుతిండి పొట్లాలు, టీ కప్పులు, పగిలిన గాజుపెంకులు, సగం కాలిన కట్టెలు! మేఘాలను చూడవచ్చినవారు మేఘాలవలె జాడ లేకుండా వెళ్లలేకపోయారు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ మన్యంలోనే గిరిజన స్త్రీలు అడవిలో తిరిగి అడ్డాకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో విస్తళ్లు కుట్టి సంతకు తెస్తారు. వారి జీవనాధారాలలో అది ఒకటి. విస్తరి పుట్టినచోటికే పట్నంనుండి ప్లాస్టిక్ పూత పళ్లేలు మోసుకొనిపోయి, తిని, అక్కడే పడవేసి రావడం ఎంతటి అవివేకం! ఆ పళ్లేలకు పెట్టే వెలతో సంతలో ఒక విస్తళ్ల కట్ట కొంటే ఒక కుటుంబానికి ఆసరా దొరుకుతుంది, కొండకు చెత్త తప్పుతుంది. పర్యాటకం వల్ల గిరిజనులకు మేలు కలుగుతుందని పెద్దలు తరచు అంటుంటారు. ఆ మేలు మొదలుకావలసింది ఇటువంటి చిన్న కొనుగోళ్ల వద్దనే.

కొన్ని వస్తువుల విషయంలో చదువుకొన్నవారికి సైతం భ్రమలున్నాయి. కాగితపు కప్పు కాగితమే కదా, మట్టిలో కలిసిపోతుందిలే అనుకొంటారు. కాని పానీయం కారిపోకుండా ఆ కప్పు లోపలివైపు సాధారణంగా సన్నని పాలిథిన్ పొర ఉంటుంది. వెండివలె మెరిసే చిరుతిండి పొట్లం కాగితమూ కాదు, లోహమూ కాదు. అది ప్లాస్టిక్ పొరమీద పలుచని అల్యూమినియం పూత. ముఖం తుడుచుకొనే తడి కాగితాలలో అనేకం ప్లాస్టిక్ పోగులు కలిసినవే. వీటిని మంటలో వేస్తే మాయమైపోతాయనుకోవడం మరొక భ్రమ. విషవాయువు గాలిలో కలుస్తుంది, కరిగిన ముద్ద నేలలో మిగులుతుంది. పోనీ పూడ్చిపెడదామంటే తిండివాసన పసిగట్టిన అడవిపంది ఆ మట్టిని పెకలించి పైకి తీస్తుంది. ఉప్పు అంటిన పొట్లాన్ని జింక మింగితే అది జీర్ణం కాదు, సులభంగా బయటికి పోదు. కడుపులో అడ్డుపడి, మేత సహించక, ఆ మూగజీవి శుష్కించి చనిపోయే ప్రమాదం ఉంది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు మొదలైనవి 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధాలయ్యాయి. కాని నీళ్లసీసా, చిరుతిండి పొట్లం ఆ జాబితాలో లేవు. చట్టం ఆగినచోట సంస్కారం ముందుకు నడవాలి.

కాబట్టి వనమర్యాద అడవిలో కాదు, ఇంటివద్ద మూట కట్టుకొనేటప్పుడే మొదలవుతుంది. చిరుతిండిని పొట్లాలనుండి తీసి డబ్బాలలో నింపుకొంటే సగం చెత్త ఊరు దాటదు. మళ్లీ మళ్లీ నింపుకోగలిగిన నీళ్లసీసా, కడిగి వాడుకొనే పళ్లెం, గ్లాసు ఎవరివి వారు తీసుకొనిపోవాలి. అన్నిటికంటె ముఖ్యమైనది ఒక ఖాళీసంచి. అడవిలోకి తెచ్చిన ప్రతి వస్తువులో మిగిలినదంతా అందులోకి చేరి ఊరికి తిరిగిరావాలి. ఇది కష్టమని కొందరంటారు. నిండుసీసాను కొండ ఎక్కించిన భుజానికి ఖాళీసీసాను కొండ దింపడం భారమా? ఎవరెస్టు శిఖరం ఎక్కేవారు తలకు 8 కిలోల వంతున చెత్తను కిందికి తీసుకొనిరావాలని నేపాల్ ప్రభుత్వం 2014లో నిబంధన విధించింది. ఊపిరి అందని ఎత్తులో ప్రాణాలకు తెగించి నడిచేవారికి ఆ బాధ్యత ఉన్నప్పుడు, పూటవిడిదికి వెళ్లేవారికి మినహాయింపు ఎక్కడిది?

గుడారం వేయడానికి చోటు ఎంచుకోవడంలోనూ మర్యాద ఉంది. అంతకుముందు మనుషులు నడిచి గట్టిపడిన నేలమీదనో, రాతిపలకమీదనో విడిది చేయాలి. పచ్చని గడ్డి మెత్తగా ఉన్నదని దానిమీద గుడారం పరిస్తే, ఒక్కరాత్రి సుఖానికి ఎదుగుతున్న మొక్కలు నలిగిపోతాయి. చెట్లకు మేకులు కొట్టడం, కొమ్మలు విరిచి గుంజలు చేసుకోవడం, బెరడుమీద పేర్లు చెక్కడం మొరటుతనం. వాగు ఒడ్డున పడుకోవాలని అందరికీ ఉంటుంది. కాని పగలంతా పొదలలో దాగిన జంతువులు రాత్రివేళ నీటికి వచ్చే దారి అదే. దీపాలు, మాటలు, గుడారాలు ఆ దారికి అడ్డం నిలిస్తే అవి దాహంతోనే వెనుదిరుగుతాయి. వేసవిలో నీటిగుంటలు ఇంకిపోయి ఒకటో రెండో మిగిలినప్పుడు ఆ అడ్డు వాటికి ప్రాణాంతకం కావచ్చు.

నీటి విషయం మరింత సున్నితమైనది. కొండలలో ఊట వద్ద స్నానం చేసేవారికి దిగువన ఒక పల్లె ఉందన్న ఊహ రాదు. ఆ పల్లెవారు బిందెలతో పట్టుకొనేది అదే నీరు. సబ్బు, షాంపూ నురుగు వాగులోకి దిగితే చేపపిల్లలకు, కప్పలకు, ఆ నీరు తాగే మనుషులకు కూడా కీడే. స్నానానికైనా, గిన్నెలు కడగడానికైనా నీటిని పాత్రతో ముంచి తెచ్చుకొని, వాగుకు దూరంగా నేలమీద వాడుకోవాలి. చెప్పుకోవడానికి సంకోచించే విషయం మరొకటి ఉంది. కాలకృత్యాలకు నీటివనరునుండి, నడకదారినుండి కనీసం 200 అడుగుల దూరం పోవాలి. అంటే సుమారు 60 మీటర్లు. అక్కడ 15 నుండి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పని ముగిశాక మట్టితో కప్పివేయాలి. పైపొర మట్టిలో సూక్ష్మజీవులు అధికంగా ఉంటాయి కనుక మలినం అక్కడ త్వరగా కుళ్లిపోతుంది. వాడిన కాగితాలు, ఇతర వస్తువులు మాత్రం సంచిలోకి చేరవలసిందే. సంకోచంవల్ల చెప్పక, చెప్పకపోవడంవల్ల తెలియక ఎన్నో ఊటలు పాడవుతున్నాయి.

విడిది అనగానే యువతకు ముందుగా గుర్తుకు వచ్చేది మంట. మంట చుట్టూ చేరి పాడుకోవడంలో ఆనందం లేదని ఎవరూ అనరు. కాని నల్లమల వంటి ఆకురాల్చు అడవులలో మాఘఫాల్గుణాలు దాటేసరికి నేలంతా ఎండుటాకుల పరుపు పరచుకొంటుంది. గడ్డి ఎండి గలగలలాడుతుంది. ఆ దినాలలో ఒక్క నిప్పురవ్వ చాలు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో రేగిన కార్చిచ్చులో పర్వతారోహణకు వెళ్లిన బృందాలు చిక్కుకొన్నాయి. 20 మందికి పైగా మరణించారు. వారిలో అనేకులు యువతీయువకులు. ఎండినగడ్డి అంటుకొన్న తరువాత గాలితోడుతో కొండవాలు ఎక్కే మంటతో మనిషి పరుగు పోటీపడలేదని ఆ దుర్ఘటన లోకానికి చాటింది. పరుగెత్తగల మనిషి గతి అది అయితే, నేలగూటిలో గుడ్లు పొదిగే పక్షి గతి ఏమిటి? ఆకుల కింద బతికే తాబేలు గతి ఏమిటి?

అందువల్ల వేసవిలోను, గాలి వీచేవేళలోను అడవిలో నిప్పు రాజేయరాదు. అటవీశాఖ అనుమతించిన చోట, అనుమతించిన కాలంలో మాత్రమే, అంతకుముందే ఉన్న పొయ్యిగూటిలో చిన్నమంట వేసుకోవచ్చు. దానికి రాలిన సన్నని పుల్లలు చాలు. పడిపోయిన మొద్దులను లాగి కాల్చడం కూడా మంచిది కాదు. అవి పనికిరాని కట్టెలుగా కనిపించినా బల్లులకు, పురుగులకు, పుట్టగొడుగులకు అవే ఇళ్లు. బయలుదేరేముందు మంటమీద నీరు పోసి, బూడిదను కలియబెట్టి, మళ్లీ నీరు పోయాలి. వెనుచేతిని దగ్గరకు తెస్తే వెచ్చదనం తగలనంత వరకు ఆ పని సాగాలి. మట్టి కప్పితే చాలుననుకోవడం ప్రమాదం. మట్టి కింద నిప్పు గంటల తరబడి బతికి ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ విభాగం అభయారణ్యానికి హాని కలిగించేలా నిప్పు రాజేయడాన్ని, మండుతున్న నిప్పును విడిచిపోవడాన్ని నిషేధించింది. అభయారణ్యపు నేలను చెత్తతో నింపరాదని, అందులోని జంతువులను వేధించరాదని అదే చట్టంలోని 27వ విభాగం చెప్తోంది.

కంటికి కనిపించని చెత్త మరొకటి ఉంది. అది చప్పుడు. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు కణ్వాశ్రమం సమీపించగానే రథాన్ని ఆపించి, ఆభరణాలను, ధనుస్సును సారథికి అప్పగించి, వినయమైన వేషంతో కాలినడకన లోపలికి ప్రవేశిస్తాడు. భూమండలాన్ని ఏలే చక్రవర్తి పాటించిన మర్యాద అది. అయినా ఆ అంకం చివర ఒక చిన్న సంఘటన వస్తుంది. రాజుగారి రథాన్ని చూసి బెదిరిన అడవి ఏనుగు ఒకటి ఆశ్రమంలోకి చొరబడి కలకలం రేపుతుంది. రాజు వినయంగానే ఉన్నాడు. కాని ఆయన వెంట వచ్చిన ఆర్భాటం అడవిని బెదరగొట్టింది. ఈనాడు కొండలమీద అర్ధరాత్రి వరకు హోరెత్తించే స్పీకర్లను, మిరుమిట్లు గొలిపే దీపాలను చూసినప్పుడు ఆ ఏనుగు గుర్తుకు రాకమానదు. చీకటిలో గుడ్లగూబ ఎలుక అలికిడిని విని వేటాడుతుంది. జింక ఎండుటాకుల చప్పుడునుబట్టి పులి రాకను పసిగడుతుంది. అడవిలో వినికిడి అంటే బతుకు. మనిషి పాటపెట్టె ఆ బతుకును గంటలకొద్దీ చెవిటిదాన్ని చేస్తుంది.

దయ పేరిట జరిగే అపకారం కూడా ఉంది. శ్రీశైలం వెళ్లే అడవిదారిలో వాహనాలు ఆపి కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయడం చాలామందికి పుణ్యకార్యంగా తోస్తుంది. అలా తిండికి మరిగిన కోతులు చెట్లను విడిచి రోడ్డుకు చేరుతాయి. తమ ఆహారం తాము వెదకుకొనే శ్రమను తగ్గించుకొంటాయి. వాహనాల కింద పడతాయి. చేతిసంచి కనిపిస్తే పైకి దూకుతాయి. అప్పుడు వాటికి దొంగకోతులన్న నింద! దొంగతనం నేర్పిన గురువు కారులో వెళ్లిపోతాడు, శిక్ష మాత్రం శిష్యుడికి పడుతుంది. అడవిజంతువుకు మనిషి చేయగల గొప్ప ఉపకారం దాని తిండి జోలికి, దాని దారి జోలికి పోకుండా ఉండటమే.

అడవి జంతువుల ఇల్లు మాత్రమే కాదు, మనుషుల ఇల్లు కూడా. నల్లమలలో చెంచులు, మన్యంలో అనేక గిరిజన తెగలవారు తరతరాలుగా నివసిస్తున్నారు. వారి పొలంగట్లమీద గుడారాలు వేయడం, అడగకుండా ఫొటోలు తీయడం, వారు కొలిచే దేవతల తావులలో చెప్పులతో తిరగడం, మద్యపు సీసాలు పగలగొట్టడం సంస్కారం అనిపించుకోదు. ఆ గాజుపెంకు గుచ్చుకొనేది మరునాడు అక్కడ మేకలు కాసే పిల్లవాడి కాలికి. అడవివారు మాత్రం కట్టెలు కొట్టడంలేదా, నిప్పు రాజేయడంలేదా అని కొందరు వాదిస్తారు. ఈ రెంటికీ భేదముంది. అడవిలో బతికేవాడికి రేపు కూడా అదే అడవి కావాలి. ఆ అవసరమే అతని చేతికి హద్దు. చెంచులు తేనె తీసినా, దుంపలు తవ్వినా, మరుసటి ఏడు మళ్లీ ఆ చెట్టు వద్దకు, ఆ తీగ వద్దకు రావలసినవారే. విహారానికి వచ్చినవాడు మళ్లీ రాకపోవచ్చు. అవసరం విధించని హద్దును అతడు తనకు తానే విధించుకోవాలి.

ఒక్కడు పడవేసిన ఒక్క పొట్లంతో అడవికి ఏమవుతుందన్నది మరొక వాదం. కొండమీద కనిపించే గుట్టలో ప్రతి పొట్లమూ ఎవరో ఒక్కరు పడవేసిన ఒక్క పొట్లమే. శుభ్రం చేయడానికి ప్రభుత్వం ఉంది కదా అన్నది ఇంకొక వాదం. నగరవీధిలో చెత్తబండి తిరుగుతుంది. లోయలో జారిపడిన సీసాకోసం ఏ బండి దిగుతుంది? అంతేకాదు, భారత రాజ్యాంగం 51(ఎ) అధికరణం అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో కూడిన ప్రకృతిని సంరక్షించడాన్ని పౌరుని ప్రాథమిక విధులలో చేర్చింది. 1976లో 42వ సవరణ ద్వారా వచ్చిన ఈ విధిని విద్యార్థులు పౌరశాస్త్రపు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకొంటారు. అసలు పరీక్ష జరిగేది కొండమీద, ఎవరూ చూడనివేళ.

అలాగయితే అడవికి వెళ్లకపోవడమే మేలు కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. అది సరియైన తీర్పు కాదు. చూడనిదానిపై ప్రేమ పుట్టదు, ప్రేమలేనిదాన్ని ఎవరూ కాపాడరు. అడవికి వెళ్లాలి. వెళ్లే అర్హతను నిలుపుకోవాలి. ఆ అర్హత పోతే తలుపులు మూసుకొంటాయి. ఉత్తరాఖండ్‌లో హిమాలయాల ఎత్తున ఉన్న పచ్చికబయళ్లను బుగ్యాల్ అంటారు. అక్కడ వెలిసిన గుడారాలవల్ల, పేరుకొన్న చెత్తవల్ల ఆ సున్నితమైన నేలకు కలుగుతున్న హానిని గమనించి, 2018 ఆగస్టులో ఆ రాష్ట్ర హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. జాగ్రత్తగా మెలగినవారు, మెలగనివారు అన్న భేదం ఆ నిషేధానికి ఉండదు. ముందు తరంవారి నిర్లక్ష్యానికి తరువాతి తరంవారు నక్షత్రాల కింద నిద్రించే భాగ్యాన్ని కోల్పోయారు. వంజంగికి, నల్లమలకు అటువంటి స్థితి రాకూడదనుకొంటే జాగ్రత్తపడవలసిన సమయం ఇదే.

ప్రయాణానికి ముందే సిద్ధపడటం, గట్టినేలమీదనే విడిది చేయడం, చెత్తను తిరిగి తేవడం, కనిపించినదాన్ని ఉన్నచోటనే ఉంచడం, నిప్పుతో జాగ్రత్త వహించడం, వన్యప్రాణులను గౌరవించడం, తోటివారికి ఇబ్బంది కలిగించకపోవడం అనే ఏడు సూత్రాలను అమెరికాలోని ‘లీవ్ నో ట్రేస్’ ఉద్యమం ప్రచారం చేస్తోంది. జాడ విడువవద్దని ఆ పేరుకు అర్థం. పేరు పరాయిదే అయినా భావం తెలుగువారికి కొత్తది కాదు. ఆకు విస్తరిలో తిన్నవారందరూ తెలియకుండానే ఆ సూత్రాన్ని పాటించారు. తెలియక పాటించినదాన్ని తెలిసి పాటించడమే ఈ తరం నేర్చుకోవలసిన విద్య. కళాశాల విహారయాత్రలు, జాతీయ సేవాపథకం శిబిరాలు, ఎన్.సి.సి. శిబిరాలు ఈ విద్యకు చక్కని పాఠశాలలు. పదిమంది బృందంలో ఒక్కరు వంగి ఒక పొట్లాన్ని ఏరితే మిగిలిన తొమ్మిదిమంది తమ చేతిలోనిదాన్ని పడవేయడానికి సందేహిస్తారు. ఉపన్యాసంకంటె ఆ వంగిన నడుము ఎక్కువ బోధిస్తుంది.

విడిది ముగించుకొని గుడారాలు మడిచి, సంచులు భుజాన వేసుకొన్నాక బృందంలో చివరగా కదిలేవారు ఒక్కసారి వెనుదిరిగి చూడాలి. నలిగిన గడ్డిని చేతితో సవరించాలి. పొయ్యికోసం జరిపిన రాళ్లుంటే వాటిని ఉన్నచోట పెట్టాలి. బూడిద చల్లబడిందో లేదో మరొక్కసారి చేయి చాపి చూడాలి. ఎవరో మరచిపోయిన సీసామూత కనిపిస్తే, అది తమది కాకపోయినా ఏరి జేబులో వేసుకోవాలి. ఆ పని కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. ఆ నేలమీద మరునాడు ఉదయం మొదటి అడుగు జింకదో, మేకల కాపరిదో అవుతుంది. రాత్రి ఇక్కడ ఎవరున్నారన్న అనుమానం ఆ జింకకుగాని, ఆ కాపరికిగాని కలగకపోతే, వచ్చినవారు మర్యాద తెలిసినవారని అర్థం.